ఉయ్యాల కొక్కేలకు చెక్క రింగులు: ఐదు నెలల వాడకం తరువాత

పిల్లలు నిద్ర లేవకముందు దొరికే నలభై నిమిషాలే వ్యాయామానికి నాకు మిగిలే సమయం. జిమ్‌కు వెళ్ళి రావడానికే అరగంట పడుతుంది కనుక, ఒంటి బరువుతోనే చేసే కాలిస్థెనిక్స్‌ను ఎంచుకున్నాను. మా తాతగారి తరం తాలింఖానాల్లో తీసిన దండీలు, బస్కీలు కూడా ఈ కోవలోనివే. అయితే వాటిలో చేతులతో ఒంటిని పైకి లాగే పని దాదాపు ఉండదు. ఆ లోటు తీర్చుకోవడానికి మొదట గుమ్మానికి బిగించే పులప్ బార్ కొన్నాను. నెల తిరగకముందే అది ద్వారబంధం రంగు ఊడగొట్టి, ఇంట్లో నాకు చీవాట్లు పెట్టించింది. దాని స్థానంలో రూ. 1,850 పెట్టి తెప్పించుకున్న చెక్క రింగుల గురించే ఈ సమీక్ష.

రింగుల మందం 28 మిల్లీమీటర్లు. జిమ్నాస్టిక్స్ పోటీల్లో వాడేవీ ఇంతే మందం. 32 మిల్లీమీటర్ల రకం కూడా దొరుకుతుంది గానీ, నాలాంటి చిన్న అరచేతులకు సన్నవే బాగా ఇముడుతాయి. చెక్క చెమటను కొంత పీల్చుకుంటుంది కాబట్టి, ప్లాస్టిక్ రింగులు జారినట్టు ఇవి వేసవిలో కూడా జారలేదు. పైగా రింగు చేతితోపాటు తిరుగుతుంది గనుక, కదలని బార్‌కు వేలాడినప్పుడు మణికట్టు మీద పడే ఒత్తిడి ఇక్కడ తెలియదు.

ఇల్లు కట్టినప్పుడు ఉయ్యాల బల్ల కోసం స్లాబులో వేయించిన రెండు కొక్కేల గుండా ఒక ఇనుప పైపు దూర్చి, దానికి ఈ రింగుల పట్టీలను అర మీటరు ఎడంగా కట్టాను. పట్టీలు పైపు మీద జరగకుండా ఆ చోట పాత సైకిల్ ట్యూబు చుట్టవలసి వచ్చింది. అసలు ఫిర్యాదు పట్టీల మీదే: వాటిపై కొలత అంకెలు లేవు. ఎత్తు మార్చిన ప్రతిసారీ ఒక రింగు పైకి, మరొకటి కిందికి ఉండేది. చీకట్లో సరిచేయడానికే ఐదు నిమిషాలు పోయేవి. చివరికి మా ఆవిడ ఎర్ర దారంతో మూడు చోట్ల గుర్తులు కుట్టిపెట్టింది. బకిల్స్ కూడా నాలుగో నెలకే తుప్పు పట్టడం మొదలుపెట్టాయి.

పెట్టెలో వచ్చిన కరపత్రం మొదటి పేజీలోనే మజిలప్ (వేలాడుతూ ఒంటిని లాగి రింగుల పైకి లేచే కష్టమైన విన్యాసం) బొమ్మ వేశారు. అది కొత్తవారికి చేసే అపకారం. రింగులను పట్టుకుని, చేతులు కిందికి నిటారుగా పెట్టి, ఒంటి బరువంతా వాటి మీదే మోస్తూ నిలవడమే మొదటి పాఠం. తొలిరోజు నేను ఎనిమిది సెకన్లకే గజగజ వణికి దిగిపోయాను, ఇప్పుడు నలభై సెకన్లు నిలుస్తున్నాను. మధ్యలో తొందరపడి, అలా నిలిచి మోచేతులు మడిచి దిగి లేచే డిప్స్ మొదలుపెట్టినందుకు మోచేయి పట్టేసి మూడు వారాలు ఆగవలసి వచ్చింది. కండ బలపడినంత త్వరగా దాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనాలు బలపడవని అప్పుడు ఒంటికి తెలిసింది. తప్పు రింగులది కాదు, నాదే. అయినా ఆ కరపత్రంలో ఒక్క వాక్యం హెచ్చరిక ఉంటే బాగుండేది.

ఆరేళ్ళ మా అబ్బాయి ముందుగా లేచిన రోజుల్లో ఎదురుగా కూర్చుని లెక్కపెడతాడు. గడ్డం రింగుల ఎత్తుకు చేరకపోతే "తొమ్మిది" తరువాత మళ్ళీ "తొమ్మిది" అంటాడే గాని, పది అనడు. ఇంత కచ్చితమైన శిక్షకుడు ఏ జిమ్‌లోనూ నాకు దొరకలేదు. నా వంతు అయ్యాక పట్టీలను చివరి ఎర్ర దారం దాకా దించి వాడికి ఇస్తాను. గుమ్మపు బార్‌తో ఈ వీలు లేదు. రింగులను మెచ్చుకోవడానికి నాకున్న ప్రధాన కారణం కూడా ఇదే. వాడు దిగగానే మాత్రం రెండు రింగులనూ పైపు దగ్గరకు లాగి బిగించేస్తాను. పిల్లలున్న ఇంట్లో వాటిని అందుబాటులో వదిలేయడం ప్రమాదం.

ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. అంకెలు అచ్చువేసిన పట్టీలు, తుప్పు పట్టని బకిల్స్ ఉన్న జత మరో మూడు నాలుగు వందలు ఎక్కువైనా సరే, కొనేవారు దానినే తీసుకోవడం మేలు.