అక్షరాన్ని వదిలి నడిచే నీడ: లేయర్ల ఫాంట్‌తో రెండేళ్లు

కుంచెతో రాసిన పాతకాలపు సైన్‌బోర్డు అక్షరాలను అనుకరించే ఫాంట్లలో లేయర్లవి వేరే జాతి. నిండు అక్షరానికి ఒక ఫైలు, లోపలి సన్నగీతకు ఒకటి, ఔట్‌లైన్‌కు ఒకటి, పక్కకు పడే షేడ్‌కు మరొకటి. ఒకే మాటను నాలుగుసార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి రంగులు మారిస్తే పెయింటర్ చేతిపనిలా దిగుతుంది. రెండేళ్లుగా వాడుతున్న ఈ ఫాంట్ అందం మీద నాకు ఫిర్యాదు లేదు. కోపమంతా ఆ షేడ్ మీదే.

ఐదు నిమిషాల్లో టైటిల్ తయారవుతుందని కొత్తలో మెచ్చుకున్న మాట వాస్తవం. ఏ సెట్టింగూ కదపనంత వరకు అది ఇప్పటికీ నిజమే.

కెర్నింగ్‌ను, అంటే పక్కపక్క అక్షరాల మధ్య ఖాళీ సర్దే సెట్టింగును, ‘ఆప్టికల్’కి మార్చి చూడండి. మొదటి అక్షరం దగ్గర ఏమీ తెలియదు. మూడో నాలుగో అక్షరానికి సందు కనిపిస్తుంది. మాట చివరికొచ్చేసరికి ఆ నీడ ఎవరిదో అన్నట్టుంటుంది. ఆప్టికల్ పద్ధతి డిజైనర్ ఫాంట్‌లో రాసిపెట్టిన కెర్నింగ్ జతలను పక్కనపెట్టి, అక్షరాల ఆకారం చూసి ఖాళీ లెక్కకడుతుంది. షేడ్ ఫైల్లో ప్రతి అక్షరానికీ కుడివైపు అదనపు మందం ఉంటుంది కాబట్టి లెక్క వేరే వస్తుంది. జతజతకూ వచ్చే చిన్న తేడాలు మాట పొడవునా పోగవుతాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్లయిన ఇలస్ట్రేటర్‌లో ‘ఆటో’, ఇన్‌డిజైన్‌లో ‘మెట్రిక్స్’ (రెండూ ఫాంట్‌లోని జతలనే వాడేవి) అన్ని లేయర్లకూ పెడితే మళ్లీ కుదురుకుంటాయి. పాత పారాగ్రాఫ్ స్టైల్ (ముందే సేవ్ చేసిపెట్టుకున్న సెట్టింగుల కట్ట) ఒకటి అంటుకుని ఉంటే ఆప్టికల్ తనంతట తానే తిరిగొస్తుంది, అది వేరే తలనొప్పి.

చేత్తో సర్దే కెర్నింగ్‌దీ ఇదే గొడవ. ఒక ఎమ్‌కు, అంటే ఫాంట్ సైజంత వెడల్పుకు, 1000 యూనిట్లు. రెండు అక్షరాల మధ్య 20 యూనిట్లు తగ్గిస్తే 200 పాయింట్ల సైజులో 4 పాయింట్లు జరిగినట్టు. ఒక్క లేయర్‌లో మర్చిపోయినా చాలు, దూరం నుంచే కనబడుతుంది. అందుకే ముందు నిండు అక్షరం ఒక్కటే టైప్ చేసి, కెర్నింగ్ అంతా ముగించాకే కాపీలు తీయాలి. ఆ తర్వాత మాట మారిస్తే మొదటికొచ్చినట్టే.

బాగా నచ్చింది కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్, అంటే పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపం మార్చే ఫీచర్. ‘బుక్’ అనే ఇంగ్లీషు మాటలో పక్కపక్కనే వచ్చే రెండు ‘ఓ’లూ అచ్చుగుద్దినట్టు ఉండవు, రెండోదానికి వేరే రూపం పడుతుంది. చేతిరాత భ్రమ నిలబడేది అక్కడే. అయితే ఆ ఫీచర్ ఒక లేయర్‌లో ఆన్, ఇంకోదాంట్లో ఆఫ్ ఉందంటే రెండో ‘ఓ’ కింద మొదటి ‘ఓ’ నీడ పడుతుంది. తప్పు కెర్నింగ్‌దనుకుని వెతుకుతూ కూర్చుంటాం.

లోపలి గీత పెద్ద సైజులకే. ఈ ఫాంట్‌లో దాని మందం సుమారు 12 యూనిట్లు. 20 పాయింట్లలో అది పావు పాయింటుకు కూడా రాదు, రంగు మీద తెల్లగా వదిలితే ఇంకు పూడ్చేస్తుంది.

ఈ తంటా కంప్యూటర్‌తో పుట్టింది కాదు. అమెరికాలో అచ్చుకు చెక్క అక్షరాలు తయారుచేసిన విలియం పేజ్ 1874లో క్రోమాటిక్ (పలురంగుల) చెక్క అక్షరాల నమూనా పుస్తకం అచ్చువేశాడు. అక్కడా రంగుకో దిమ్మె, ఒకదాని మీద ఒకటి అచ్చు, రిజిస్ట్రేషన్ (ఒక అచ్చు మీద ఇంకోటి సరిగ్గా కూర్చోవడం) తప్పితే నీడ పక్కకు. పాత అందంతో పాటు పాత జబ్బూ వచ్చిందన్నమాట! రంగులన్నీ ఒకే అక్షరంలో ఇమిడే కలర్ ఫాంట్‌లో ఈ జారుడు ఉండదు గానీ, అవి అన్ని సాఫ్ట్‌వేర్లలో ఒకే తీరుగా పనిచేయవు.

నెలకు రెండు మూడు టైటిళ్లు, అవీ నాలుగైదు అక్షరాలవి చేసే నాలాంటివాళ్లకు ఇది సరిపోతుంది. చివరి నిమిషం దాకా మాటలు మార్చే క్లయింట్లు ఉన్నవాళ్లకు మాత్రం ధైర్యంగా చెప్పలేను. ఎలాగూ ప్రింట్‌కు పంపేముందు ఔట్‌లైన్స్‌గా (టైప్ చేసి మార్చలేని ఉత్త ఆకారాలుగా) మార్చండి, మార్చని కాపీ ఒకటి వేరే పేరుతో సేవ్ చేసుకున్నాకే.