ఆరేళ్లు మోసిన చిన్న గ్యాస్ స్టవ్: నా అనుభవం

ట్రెక్కింగ్ స్టవ్ కొనడానికి వెళ్తే ఎవరి కళ్లైనా ముందు బరువు మీదే పడతాయి. నేనూ అలాగే కొన్నాను. నా మొదటి స్టవ్ బరువు 25 గ్రాములు. పిడికిట్లో పెట్టుకుంటే బయటికి కనబడేది కాదు. రెండు ట్రెక్కులయ్యాక దాన్ని పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఆరేళ్లుగా వాడుతున్నది దానికి మూడు రెట్లకు పైగా బరువు, 83 గ్రాములు. అయినా నా బ్యాగు తేలికైంది. ఎలాగో చెబుతాను.

ఒక సాయంత్రం చెట్టన్నది లేని కనుమ దగ్గర టెంట్ వేశాం. గాలి ఆగడం లేదు. ఆ బుల్లి స్టవ్ మంట నిజంగా గాలిలో దీపమే అయింది. అర లీటరు నీళ్లు ఇరవై నిమిషాలైనా మరగలేదు. గిన్నె నిలబెట్టే కాళ్లు పొట్టివి కావడంతో ఒకసారి గిన్నె జారింది కూడా. చివరికి గోరువెచ్చని నీళ్లలో నానిన నూడుల్స్ తిని పడుకున్నాం. మర్నాడు డబ్బా ఊపి చూస్తే గ్యాస్ సగానికి పైగా అయిపోయింది. ఇంకా రెండు రోజుల నడక ఉంది. ఆ టెన్షన్ నాకిప్పటికీ గుర్తే.

ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. లీటరు చల్లని నీళ్లు మరగడానికి కావలసిన వేడిని ఏడెనిమిది గ్రాముల గ్యాస్ ఇవ్వగలదు. కానీ సగం వేడి గిన్నె పక్కల నుంచి గాలిలో కలిసిపోతుంది. ప్రతి ట్రిప్పుకీ ముందూ తర్వాతా వంటింటి త్రాసులో డబ్బాను తూచి రాసుకుంటున్నాను. మూతపెట్టి, గాలికి చాటు చేసి కాస్తే లీటరుకు 12 నుంచి 14 గ్రాములు అవుతోంది. పాత స్టవ్‌తో గాలిలో 22 దాటేది. రోజుకు రెండు లీటర్ల చొప్పున మూడు రోజులకు ఆరు లీటర్లు. లీటరుకు 13 గ్రాములైతే మొత్తం 78, అంటే 100 గ్రాముల చిన్న డబ్బా ఒక్కటి చాలు. 22 అయితే 132, రెండో డబ్బా మోయాల్సిందే. గ్యాసూ, ఇనుప డబ్బా కలిపి అది సుమారు 200 గ్రాములు. బర్నర్ మీద 58 గ్రాములు మిగుల్చుకుని నేను చేసింది ఇదీ!

ఇప్పటి స్టవ్ బర్నర్ తల వెడల్పుగా, కొద్దిగా లోపలికి గుంటలా ఉంటుంది. చుట్టూ అంచు ఉంది. గిన్నె అడుగుకూ మంటకూ మధ్య దూరం తక్కువ. గాలి దూరే సందు తగ్గింది, అంతే తేడా. మంట బాగా తగ్గించినా ఆరిపోదు కాబట్టి ఓట్స్ అడుగంటకుండా ఉడుకుతాయి.

దీనికి ప్రెషర్ రెగ్యులేటర్ ఉంది. అది ఉంటే ఎంత చలిలోనైనా మండుతుందని మొదట్లో నమ్మాను. అది పొరపాటు. డబ్బా లోపల ఉన్న ద్రవం ఆవిరైతేనే మంట. మామూలు బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మొండికేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. డబ్బాలో ఉండేది వీటి మిశ్రమం, అందులో ప్రొపేన్ ఎక్కువగా ముందే వెళ్లిపోతుంది. అందుకే కొత్త డబ్బా చక్కగా మండే చలిలోనే సగం ఖాళీ అయినది నీరసపడుతుంది. రెగ్యులేటర్ ఒత్తిడి తగ్గుతున్నా మంటను కొంతసేపు నిలకడగా ఉంచుతుంది తప్ప లేని ఆవిరిని పుట్టించలేదు. నేను రాత్రి డబ్బాను స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకుంటాను. పొద్దున వెడల్పాటి మూతలో కాసిని గోరువెచ్చని నీళ్లు పోసి డబ్బాను అందులో నిలబెడతాను. మైనస్ ఐదారు డిగ్రీల్లో కూడా ఇది పనిచేసింది.

గాలి అడ్డు గురించి ఒక్క మాట, దయచేసి గట్టిగా గుర్తుపెట్టుకోండి. డబ్బా మీద నేరుగా బిగించే స్టవ్‌కు చుట్టూ రేకు కట్టేయకూడదు. వేడి డబ్బాకు తగిలి అది పేలే ప్రమాదం ఉంది. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డు పెట్టి, అప్పుడప్పుడూ డబ్బాను చేత్తో తాకి చూడండి. వేడిగా అనిపిస్తే వెంటనే ఆపండి. మూసిన టెంట్‌లో అసలు వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

లోపాలూ ఉన్నాయి. వెలిగించే మీట రెండో ఏడాదే పనిచేయడం మానేసింది. అప్పటినుంచి రెండు లైటర్లు వేర్వేరు జేబుల్లో ఉంటాయి. నాలుగో ఏడాది డబ్బాకు బిగిస్తుంటే బుస్సుమని శబ్దం మొదలైంది. సబ్బు నీళ్లు రాస్తే బుడగలొచ్చాయి. లోపలి రబ్బరు రింగు పగిలింది. కొత్త రింగు వేశాక మళ్లీ లీక్ లేదు. మరీ బిగించి తిప్పడం నా తప్పే, చేతికి ఆనేదాకా తిప్పితే చాలు.

వేరేవీ వాడి చూశాను. స్పిరిట్ స్టవ్ ఒంటరిగా ఒకటి రెండు రాత్రులకు హాయి, చప్పుడే ఉండదు. కానీ స్పిరిట్ గ్రాముకిచ్చే వేడి బ్యూటేన్‌తో పోలిస్తే దాదాపు 60 శాతమే, పగటి వెలుగులో మంట కళ్లకు కనబడదు కూడా. గిన్నెతో కలిసివచ్చే సెట్లు నీళ్లను చాలా త్వరగా కాస్తాయి. నేను వాడిన సెట్ నా స్టవ్, గిన్నె కలిపిన బరువు కంటే 175 గ్రాములు ఎక్కువ. లీటరుకు 5 గ్రాముల గ్యాస్ మిగిలినా, 35 లీటర్లు కాస్తే గాని ఆ బరువు తీరదు. నలుగురైదుగురికి మంచు కరిగించేవాళ్లకు అది సరైనది, నాకు కాదు.

కొనేముందు ఇంకొకటి. విమానంలో గ్యాస్ డబ్బాలు తీసుకెళ్లనివ్వరు. నడక మొదలయ్యే చోట ఏ రకం డబ్బా దొరుకుతుందో, దాని మూతి మీ స్టవ్‌కు సరిపోతుందో కనుక్కున్నాకే స్టవ్ ఎంచుకోండి.

ఇది పోతే మళ్లీ ఇలాంటిదే కొంటాను. వచ్చే చలికాలం ట్రిప్పుకు మాత్రం మైనస్ 15 దాకా పడిపోతుందంటున్నారు. డబ్బాను తలకిందులుగా పెట్టి ద్రవాన్నే మంట దాకా తెచ్చే పైపు స్టవ్ ఒకటి స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. ఈ వారం పెరట్లో దానితో నీళ్లు కాచి, డబ్బా తూచి రాసుకుంటున్నాను.