ఆసు యంత్రం వచ్చాక అమ్మ భుజం నొప్పి తగ్గింది
జనగామ దగ్గర మా ఇంట్లో లక్ష్మీ ఆసు యంత్రం వాడుతున్నాం. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అంటే మేకుల చుట్టూ దారాన్ని వేల సార్లు తిప్పాలి, ఒక్క చీరకే నాలుగైదు గంటలు. రాత్రయితే అమ్మ భుజం పట్టుకుని మూలిగేది. ఇప్పుడు అదే పని గంటన్నరలో అయిపోతుంది. దారం తెగకుండా చూసుకుంటే చాలు. కరెంటు పోతే మాత్రం ఆగాల్సిందే.

దీన్ని 1999లో తయారుచేసింది ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి కష్టం చూడలేక. చిన్నప్పుడు ఆరో తరగతితోనే బడి ఆగిపోయింది! 2017లో పద్మశ్రీ వచ్చింది.

వరంగల్ ఇంజనీరింగ్ పిల్లలూ, ప్రాజెక్టుల కోసం మగ్గాల ఇళ్లకు రండి. చిటికి కట్టే పని, అంటే రంగు అద్దే ముందు దారానికి ముడులు కట్టడం, మా ఇంట్లో ఇంకా చేతుల మీదే నడుస్తోంది.