1.5 అంగుళాల దగ్గర ఆగాను: బరువు లాగే పికప్ ట్రక్కు ముందు భాగం ఎత్తించిన తరువాత మూడేళ్ల అనుభవం

నా ముప్పావు టన్ను తరగతి (అమెరికాలో భారీ పికప్‌ల వర్గం ఒకదాని పేరు) డీజిల్ పికప్ ట్రక్కు ముందు సస్పెన్షన్‌ను నేను రెండుసార్లు మార్పించాను. మొదటిసారి కాయిల్ స్ప్రింగుల మీద 2.5 అంగుళాల స్పేసర్లు (బండిని ఆ మేరకు ఎత్తే మందపాటి దిమ్మెలు) పెట్టించి 8 నెలలు నడిపాను. తరువాత వాటిని తీయించి 1.5 అంగుళాల స్పేసర్లతో సరిపెట్టుకున్నాను. ఈ రెండో ఏర్పాటు మీద మూడేళ్లు దాటాయి. 41,000 మైళ్లు తిరిగాను, అందులో దాదాపు నాలుగో వంతు వెనుక 7,500 పౌండ్ల ట్రైలర్ ఉండగానే. బండిని ఎప్పుడూ ఖాళీగా తిప్పేవారు ఈ మార్పును మెచ్చుకుంటూ చెప్పిన మాటలు నమ్మి మొదట తప్పు చేశాను కనుక, బరువు లాగేవారికి పనికొచ్చేలా ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ తరగతి బండ్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే ముందు కొంచెం కిందికి, వెనుక కొంచెం పైకి ఉంటాయి. బండి ముందుకు వంగి నిలబడినట్టు కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే నన్ను ఈ పనికి పురికొల్పింది ఆ కంటికి నచ్చనితనమే తప్ప వేరే అవసరమేమీ కాదు. చదునైన కాంక్రీటు నేల మీద నిలిపి, ఛాసిస్ ఎత్తును ముందు చక్రాల దగ్గర, వెనుక చక్రాల దగ్గర కొలిస్తే వెనుక భాగం 2.25 అంగుళాలు ఎక్కువగా ఉంది. చాలామంది చక్రాల పైనున్న ఫెండర్ అంచుల దగ్గర కొలుస్తారు గానీ, ముందు అంచూ వెనుక అంచూ ఒకే ఎత్తులో తయారైనవి కాకపోవచ్చు కాబట్టి ఆ లెక్కను నమ్మలేము. అదే బండికి ట్రైలర్ తగిలించి మళ్లీ కొలిస్తే వెనుక 1.75 అంగుళాలు దిగింది, ముందు అర అంగుళం లేచింది. రెండూ కలిపితే సరిగ్గా 2.25. అంటే నేను లోపం అనుకున్న ఆ వాలు, బరువు ఎక్కినప్పుడు బండి చదునుగా నిలబడటానికి ముందే వదిలిపెట్టిన చోటు. ఈ రెండో కొలత మొదటే తీసుకుని ఉండవలసింది. పెద్ద స్పేసర్లు తీయించిన రోజున గానీ నాకు ఆ బుద్ధి పుట్టలేదు.

నా బండికి ముందు రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే గట్టి ఇరుసు, దాని మీద కాయిల్ స్ప్రింగులు, ఇరుసును ఛాసిస్‌కు కలిపే పొడవైన రేడియస్ ఆర్ములు ఉంటాయి. ఇటీవలి ఫోర్డ్ సూపర్ డ్యూటీ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలోనూ, ఇటీవలి రామ్ 2500, 3500 ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలోనూ ఉండేది ఈ పద్ధతే. స్పేసర్ బిగించడం పెద్ద పనేమీ కాదు. ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు, స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే కడ్డీ) లింకులు, బ్రేకు గొట్టాల క్లిప్పులు విప్పి, ఇరుసును కిందికి దించితే స్ప్రింగు చేతికి వస్తుంది. దాని పైన స్పేసర్ కూర్చోబెట్టి తిరిగి బిగించడమే. సగం పూటలో ముగిసింది. బిగించినవారు రబ్బరు బుష్‌లున్న బోల్టులను చక్రాలు గాలిలో ఉండగానే పూర్తిగా బిగించేశారు, అది పొరపాటు. బండి బరువు చక్రాల మీద పడిన తరువాతే వాటిని చివరి బిగింపు బిగించాలి. లేకపోతే బుష్‌లు ఎప్పుడూ మెలితిరిగిన స్థితిలోనే ఉండి త్వరగా చిరుగుతాయి. నాకు ఆ సంగతి ఒక రేడియస్ ఆర్ము బుష్ చీలిన తరువాత తెలిసింది.

మొదటి వారంలోనే హైవే మీద బండి నడక మారిపోయింది. స్టీరింగును తిప్పి వదిలితే తనంతట తాను మధ్యకు రావడం తగ్గింది. పక్కగాలి కొట్టినప్పుడు లేన్‌లో నిలబెట్టడానికి చేతులు ఊరికే ఉండేవి కావు. కారణం క్యాస్టర్. చక్రం ఏ అక్షం చుట్టూ తిరుగుతుందో ఆ అక్షం, సైకిల్ ముందు ఫోర్కులాగా, వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలే చక్రాన్ని తిన్నగా నడిపిస్తుంది. ఛాసిస్ పైకి లేచినప్పుడు రేడియస్ ఆర్ములు కిందికి తిరుగుతాయి, వాటితోపాటు ఇరుసు కూడా ముందుకు దొర్లి ఈ వాలు తగ్గిపోతుంది. నా బండికి అలైన్‌మెంట్ యంత్రం మీద చూస్తే మునుపు 4.1 డిగ్రీలున్నది 1.9 డిగ్రీలకు పడిపోయింది. అంతేకాక, ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే ట్రాక్ బార్ కోణం పెరగడం వల్ల ఇరుసు మొత్తం పావు అంగుళానికి పైగా డ్రైవరు వైపు జరిగింది, స్టీరింగు వీల్ కూడా వంకరగా నిలిచింది. వీల్ వంకరగా ఉండగా నడపడం చూపుకు మాత్రమే ఇబ్బంది అని నేననుకున్నాను. కానీ స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) స్టీరింగు కోణాన్ని బట్టే బండి ఎటు పోవాలో లెక్క కడుతుంది, ట్రైలర్ ఊగడాన్ని ఆపే వ్యవస్థ కూడా దాని మీదే ఆధారపడుతుంది. స్టీరింగును చక్రాలకు కలిపే డ్రాగ్ లింకు అనే కడ్డీని సరిచేసి వీల్‌ను మధ్యకు తెచ్చేదాకా ట్రైలర్ తగిలించకుండా ఉండవలసింది.

ఆ 8 నెలల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మాత్రం హెడ్‌లైట్లు. స్పేసర్లు పెట్టిన రోజే గోడకు 25 అడుగుల దూరంలో బండిని నిలిపి, ఖాళీ బండికి తగినట్టుగా లైట్లను కిందికి దించుకున్నాను, పని అయిపోయిందనుకున్నాను. ట్రైలర్ తగిలించి మొదటిసారి రాత్రి బయలుదేరితే ఎదురొచ్చిన ప్రతి రెండో బండీ నాకు హై బీమ్ కొట్టింది. ఇక్కడ లెక్క తేలికే. నా బండి రెండు ఇరుసుల మధ్య దూరం దాదాపు 160 అంగుళాలు. ట్రైలర్ బరువుకు వెనుక దిగి, ముందు లేచి, మొత్తం 2.25 అంగుళాల తేడా వచ్చినప్పుడు బండి 0.8 డిగ్రీ వెనక్కి వాలుతుంది, 25 అడుగుల దగ్గర వెలుగు గీత 4 అంగుళాలకు పైగా లేస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఇది ఇంకా పెరుగుతుంది. ఫ్యాక్టరీ ఎత్తులో కూడా ఈ లేవడం ఉంటుంది, అయితే అక్కడ లైట్లు తక్కువ ఎత్తు నుంచి మొదలవుతాయి, బండి కూడా చదునుకు వచ్చి ఆగుతుంది. నా బండి మాత్రం చదును దాటి ఇంకా రెండున్నర అంగుళాలు ముక్కు పైకెత్తి నిలబడింది.

ముందు చక్రాల మీద బరువు తగ్గిందేమోనని అనుమానం వచ్చి వేబ్రిడ్జి మీద తూకం వేయించాను. ఖాళీగా ముందు ఇరుసు మీద 4,720 పౌండ్లు, వెనుక ఇరుసు మీద 3,160. ట్రైలర్ హిచ్ (ట్రక్కు వెనుక ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) మీద మోపే బరువు 900 పౌండ్లు, అంటే ట్రైలర్ మొత్తం బరువులో 12 శాతం. ఇలా లాగే ట్రైలర్లకు 10 నుంచి 15 శాతం ఉండాలని చెబుతారు కనుక అందులో తప్పు లేదు. తగిలించిన తరువాత ముందు 4,370, వెనుక 4,410 తేలింది. హిచ్ బంతి వెనుక ఇరుసుకు ఐదడుగుల వెనుక ఉండటం వల్ల అక్కడ నొక్కిన బరువు తులాదండంలా పనిచేసి ముందు నుంచి 350 పౌండ్లు ఎత్తివేసింది. స్పేసర్లు దీనికి కారణం కావు, అవి లేకపోయినా ఇంతే జరిగేది. కానీ క్యాస్టర్ తగ్గి ఉన్న స్టీరింగుకు ఈ తేలికదనం కూడా తోడైనప్పుడు వంతెనల మీద, పెద్ద లారీలు దాటిపోయేటప్పుడు బండి తూలడం స్పష్టంగా తెలిసింది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (హిచ్ మీది బరువులో కొంత ముందు ఇరుసుకు తిరిగి పంపే ఏర్పాటు) కడ్డీలను బిగించి మళ్లీ తూస్తే ముందు ఇరుసు 4,610కి తిరిగి వచ్చింది. ఎత్తు మార్పించుకునేవారు ఎవరైనా హిచ్‌ను కూడా కొత్తగా సర్దుకోవలసిందే, ఎందుకంటే ముందు భాగం లేచినప్పుడు వెనుక ఇరుసు చుట్టూ బండి తిరిగి హిచ్ బంతి అర అంగుళమైనా కిందికి దిగుతుంది, పాత కొలతల ప్రకారం బిగించిన కడ్డీలు ఇక సరిపోవు.

రెండోసారి పని చేయించేటప్పుడు 1.5 అంగుళాల స్పేసర్లతో పాటు పొడవు సర్దుకోగల ట్రాక్ బార్, కొంచెం పొడవైన షాక్ అబ్జార్బర్లు, బంప్ స్టాప్‌ల (ఇరుసు మరీ పైకి వచ్చి ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే రబ్బరు ముక్కలు) కింద చిన్న దిమ్మెలు పెట్టించాను. పై బాల్ జాయింట్ల దగ్గరి బుష్‌లు మార్పించి క్యాస్టర్‌ను 3.8 డిగ్రీలకు తెప్పించాను. షాక్ అబ్జార్బర్ల గురించి ఒక మాట. స్పేసర్ స్ప్రింగు గట్టిదనాన్ని మార్చదు కాబట్టి ప్రయాణ సుఖం మారదని అమ్మేవారు చెప్పేది సగమే నిజం. పాత షాక్ అబ్జార్బర్లనే ఉంచితే అవి స్పేసర్ మందం మేరకు ముందే సాగి ఉంటాయి. చక్రం గుంతలోకి దిగినప్పుడు ఇంకా సాగడానికి చోటు చాలక టక్కుమని ఆగుతాయి. మొదటి ఏర్పాటులో ప్రతి స్పీడ్ బ్రేకర్ తరువాత నేను విన్న శబ్దం అదే. ఇప్పుడది లేదు.

ట్రైలర్ లేనప్పుడు ఇప్పుడు వెనుక భాగం ముప్పావు అంగుళం ఎత్తుగా ఉంటుంది. తగిలించి కడ్డీలు బిగిస్తే ముందు భాగం వెనుకకంటే అర అంగుళానికి పైగా ఎత్తులో నిలుస్తుంది. వెనుక స్ప్రింగులకు తోడుగా ఉన్న ఎయిర్ బ్యాగుల్లో (గాలి తిత్తుల్లో) కొంచెం గాలి నింపితే ఆ తేడా కూడా పోతుంది. ఎయిర్ బ్యాగులు ఎత్తును సరిచేస్తాయే గానీ ముందుకు బరువును తిరిగి పంపవు. అందుకే మొదట కడ్డీలు, తరువాతే గాలి. వీటిలో ఏదీ తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసి ఉన్న బరువు పరిమితిని ఒక్క పౌండు కూడా పెంచదు.

ట్రక్కు తొట్టిలో, వెనుక ఇరుసుకు పైగా కూర్చునే ఫిఫ్త్ వీల్ ట్రైలర్లు లాగేవారికి ముందు చక్రాలు తేలికపడే సమస్య దాదాపు ఉండదు. వారు చూసుకోవలసింది తొట్టి గోడలకు, ట్రైలర్ ముందు భాగానికి మధ్య ఖాళీ. ముందు భాగం లేచి వెనుక దిగితే తొట్టి వెనుక మూలల దగ్గర ఖాళీలో తేడా వస్తుంది. జీఎం వారి హెవీ డ్యూటీ బండ్లకు ముందు విడివిడి చక్రాల సస్పెన్షన్, టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంటాయి కనుక అక్కడ స్పేసర్ కాక, ఆ బార్లను పట్టి ఉంచే ‘కీ’ అనే ముక్కలను మార్చి బార్లను తిప్పుతారు. ఇరుసు కీళ్ల కోణం, పై ఆర్ముల సాగుదల త్వరగా హద్దుకు చేరతాయి. నా అనుభవం వాటికి వర్తించదు.

మూడేళ్లలో అరుగుదల సంగతి తక్కువలోనే చెప్పవచ్చు. టైర్లు సమంగా అరిగాయి, ఫ్యాక్టరీ సైజే ఉంచాను. పెద్ద టైర్లు వేస్తే గేరు నిష్పత్తి మారి బరువు లాగే బలం తగ్గుతుంది కనుక ఆ ఆశ మొదటే వదులుకున్నాను. డీజిల్ ఖర్చులో నేను గుర్తించగల తేడా లేదు. ట్రాక్ బార్ బోల్టులను మొదటి 500 మైళ్ల తరువాత, ఆ పైన ప్రతి ఆయిల్ మార్పుకూ రెంచితో పరీక్షిస్తున్నాను, ఒకసారి ఒకటి వదులుగా దొరికింది కూడా. ఈ రకం ఇరుసులున్న బండ్లలో స్టీరింగు ఒక్కసారిగా గిలగిల కొట్టుకునే జబ్బుకు వదులైన ట్రాక్ బారే తరచుగా మూలం కాబట్టి ఈ పని మానను. మిగిలిపోయిన లోటు ఒకటే. బానెట్ లేచిన మేరకు ముందు దగ్గరి నేల కనిపించడం తగ్గింది, పార్కింగులో చిన్నపిల్లలు ఉన్నచోట దిగి చూసి మరీ కదులుతున్నాను.

గ్యారేజీ గోడ మీద టేపుతో రెండు గీతలు ఉన్నాయి, పైది ట్రైలర్ ఉన్నప్పటిది, కిందిది లేనప్పటిది. ప్రతి ప్రయాణానికి ముందు రాత్రి లైట్లు వేసి చూసుకుంటాను. తీసేసిన 2.5 అంగుళాల స్పేసర్లు కొనేవారు దొరకలేదు. ప్రస్తుతం అవి ట్రైలర్ జాకీ కింద పీటలుగా పనికొస్తున్నాయి.