పిల్లల సైట్ పెరుగుతుంటే చుక్కల మందా, ఖరీదు అద్దాలా: ఏది మేలు?

"అక్కా, పోయినేడు మైనస్ ఒకటి ఉండె, ఇప్పుడు రెండు అంటున్నారు, డాక్టరేమో డ్రాప్స్ రాసినాడు, ఆప్టికల్స్ వాళ్ళేమో స్పెషల్ అద్దాలు వేయించమంటున్నారు, ఏం చేయమంటావు?" ఈ మధ్య అనంతపురంలో ఎవురు కలిసినా ఇదే అడుగుతున్నారు. మా పాపకి కూడా ఈ ఎండాకాలమే ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి రాస్తున్నా, మందు విషయంలో మాత్రం మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్.

మామూలు అద్దాలు దూరంది కనపడేట్టు చేస్తాయి, అంతే, నంబర్ పెరగడాన్ని ఆపవు. కనుగుడ్డు వెనక్కి సాగేకొద్దీ సైట్ పెరుగుతుంది, ఒక్క మిల్లీమీటర్ సాగితే దాదాపు రెండున్నర నంబర్ తేడా వస్తుంది. చుక్కలైనా స్పెషల్ అద్దాలైనా ఆ సాగడాన్ని నిదానం చేసేటివే, ఉన్న సైట్‌ని తగ్గించేటివి కాదు. ఇంకొకటి, ఫుల్ నంబర్ వేస్తే కళ్ళు అలవాటు పడిపోతాయి, కొంచెం తక్కువ వేయించండి అని ఇంట్లో పెద్దోళ్ళు అంటారు చూడండి, ఆ మాట వినొద్దు. 2002లో మలేషియాలో పిల్లల మీద చేసి చూస్తే తక్కువ నంబర్ పెట్టుకున్నోళ్ళకే సైట్ ఎక్కువ పెరిగింది.

స్పెషల్ అద్దాలంటే మియోస్మార్ట్, స్టెల్లెస్ట్ లాంటివి. నడుమ మామూలు నంబర్ ఉంటుంది, చుట్టూ వందల కొద్దీ బుల్లి లెన్సులు ఉంటాయి. హాంకాంగ్‌లో మియోస్మార్ట్‌ని రెండేళ్ళు పరీక్షిస్తే మామూలు అద్దాల పిల్లలతో పోలిస్తే సైట్ పెరగడం సగానికి తగ్గింది. పనితనంలో వంక పెట్టేదేం లేదు, కానీ రోజుకి పన్నెండు గంటలు ముక్కు మీద ఉండాలి. ఆట పీరియడ్‌లో తీసి బ్యాగులో పడేస్తే, ట్యూషన్లో తీసి బెంచీ మీద పెడితే ఇంక యాడ పన్నెండు గంటలు? పైగా మా పాప అద్దాలు తుడిచేది యూనిఫాం చున్నీతో, మన ఊరి దుమ్ముకి నెలలు తిరక్కుండానే అద్దం నిండా గీతలు, ఒక పక్క ముక్కు ప్యాడ్ ఎప్పుడు ఊడిపోయిందో దానికే తెలీదు. పది వేలు దాటే జత ఇట్ల పాడైతే మళ్ళీ కొనాలి, పాడు కాకపోయినా ఎదిగే పిల్లలకి నంబర్ మారినప్పుడల్లా కొనాల్సిందే. నా లెక్కలో అసలు తేల్చేది ఇదే, రెండు మూడేళ్ళు ఆపకుండా నడపగలమా లేదా అని.

అందుకే నేను చుక్కల వైపే మొగ్గినా. అట్రోపిన్, చానా తక్కువ మోతాదు, రాత్రి పడుకునే ముందు కంటికొక చుక్క. వేసేది మనం కాబట్టి పిల్ల మర్చిపోయిందనే మాటే రాదు, నెలకి ఖర్చు వందల్లోనే. లోపాలు లేవా అంటే ఉన్నాయి. 0.01 శాతం మందుకి బలం తక్కువ, 2019లో బయటికొచ్చిన హాంకాంగ్ పరిశోధనలో 0.05 శాతమే బాగా పనిచేసింది, కానీ మోతాదు పెరిగేకొద్దీ కంటిపాప కొంచెం పెద్దదై వెలుతురు గుచ్చుకుంటుంది, మన ఎండలకి టోపీ లేకుండా బయటికి పంపలేం. ఎంత శాతం అనేది డాక్టరే తేల్చాలి. సీసా మూత తీసిన నెలకి మిగిలినా పారేయాలి, మందు మనంతట మనం టక్కున ఆపేయకూడదు, ఆపితే కొందరికి సైట్ మళ్ళీ ఎగబాకుతుంది. చుక్కలతో పాటు ఫుల్ నంబర్ మామూలు అద్దాలు ఎట్లాగూ ఉండాల్సిందే, అవి గీతలు పడినా గుండె గుభేలుమనదు. డబ్బుకి ఇబ్బంది లేక, పిల్లోడు అద్దాలు తీయని రకమైతే మాత్రం స్పెషల్ అద్దాలకి నేను అడ్డం చెప్పను.

రాత్రి పెట్టుకుని పడుకునే గట్టి లెన్సులు కూడా ఉన్నాయి, శుభ్రం సరిగ్గా లేకపోతే కంటికి ఇన్ఫెక్షన్, నాకైతే ధైర్యం చాలలేదు. లాసిక్ అనే లేజర్ ఆపరేషన్ పిల్లలకి కాదు, పద్దెనిమిది దాటి నంబర్ నిలబడినాక చూసుకోవచ్చు.

ఇంట్లో ఇంకా సైట్ రాని చిన్నోళ్ళుంటే వాళ్ళకి చుక్కలూ స్పెషల్ అద్దాలూ అక్కర్లేదు, రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడనీయండి, పగటి వెలుతురుకి సైట్ వచ్చే అవకాశం తగ్గుతుంది. ఎండలో మాడాల్సిన పనేం లేదు, క్లాస్ రూం వెలుతురు కంటే వేపచెట్టు నీడలో వెలుతురు ఎన్నో రెట్లు ఎక్కువ, సాయంత్రం ట్యూషన్ ఒక గంట వెనక్కి జరిపి ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్‌కి తోలుకుపోయినా సరిపోతుంది.