క్రూజ్‌లో వైన్: మన సీసా మేలా, వాళ్ల ప్యాకేజీ మేలా?

వేసవి సెలవులు దగ్గర పడగానే డాలస్, హ్యూస్టన్ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ అదే ప్రశ్న మొదలవుతుంది. "గాల్వెస్టన్ రేవు నుంచి క్రూజ్ (షిప్పులో విహారయాత్ర) బుక్ చేశాం. వైన్ మనమే పట్టుకెళ్లాలా, డ్రింక్ ప్యాకేజీ తీసుకోవాలా?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మా ఇంట్లో ఈసారి కూడా సీసాలకే ఓటు పడింది. నా మొగ్గు ఎటో తెలిశాక చదివితే మీకూ సుఖం, నాకూ సుఖం.

ప్యాకేజీ అంటే రోజుకి ఇంత అని ముందే కట్టేసి, గ్లాసు గ్లాసుకీ బిల్లు లేకుండా తాగడం. అది అనగానే అందరూ రోజువారీ రేటు చూస్తారు. నేను చూసేది కింద చిన్న అక్షరాల్లో ఉండే షరతు. ఒక క్యాబిన్‌లో ఒకరు ఆల్కహాల్ ప్యాకేజీ కొంటే, ఆ క్యాబిన్‌లో ఉన్న 21 ఏళ్లు నిండిన వాళ్లంతా కొనాల్సిందే. కార్నివాల్, రాయల్ కరీబియన్ అనే రెండు క్రూజ్ కంపెనీల్లోనూ ఇదే రూలు. ఒకరు కొని ఇద్దరూ తాగేస్తారని వాళ్ల భయం. భయంలో న్యాయం లేకపోలేదు. కానీ మన ఇళ్లలో జరిగేది వేరు. చాలా జంటల్లో ఒకరు తాగుతారు, రెండోవారు మ్యాంగో జ్యూస్‌తో సరిపెట్టుకుంటారు.

లెక్క వేద్దాం. రేటు షిప్పును బట్టి, సీజన్‌ను బట్టి మారుతుంది కాబట్టి రోజుకి 80 డాలర్లు అనుకుందాం. దాని మీద గ్రాట్యుటీ (సిబ్బందికి టిప్పు) 18 శాతం అనుకుని కలిపితే 94 దాటుతుంది. ఏడు రాత్రులకి మనిషికి 660, ఇద్దరికీ 1,320. విడిగా కొంటే గ్లాసు వైన్ 14 డాలర్లు, గ్రాట్యుటీతో పదహారున్నర అనుకోండి. అంటే ప్యాకేజీ గిట్టుబాటు కావాలంటే ఇద్దరూ రోజుకి చెరో ఆరు గ్లాసులు తాగాలి. ఒకరే తాగే జంటలో ఆ ఒక్కరే పదకొండుకి పైగా తాగాలి! సోడాలు, స్పెషల్ కాఫీలు, మాక్‌టెయిల్స్ కూడా అందులోనే వస్తాయి కాబట్టి ఒకటో రెండో తగ్గించుకోండి. అయినా సెలవుకి వెళ్లినవాడు చేయాల్సిన పని కాదది.

ఇక ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా అదే క్యాబిన్‌లో ఉంటే కథ ఇంకా ముదురుతుంది. నలుగురు పెద్దవాళ్లకీ నాలుగు ప్యాకేజీలు. వాళ్లకి విడిగా క్యాబిన్ తీసుకుంటే ఈ గొడవ తప్పుతుంది కానీ, ఒక్క వైన్ కోసం ఎవరూ రెండో క్యాబిన్ తీసుకోరు కదా.

ఇప్పుడు సీసాల వైపు రండి. ఇక్కడ కూడా లెక్క మనిషికి ఇంత అనే. అయితే ఈసారి అది మన పక్షాన పనిచేస్తుంది. కార్నివాల్, రాయల్ కరీబియన్ రెండూ మొదటిరోజు షిప్పు ఎక్కేటప్పుడు పెద్దవాళ్లలో ఒక్కొక్కరికి 750 మిల్లీలీటర్ల వైన్ లేదా షాంపేన్ బాటిల్ ఒకటి చొప్పున అనుమతిస్తాయి. తాగుతారా లేదా అని ఎవరూ అడగరు. ప్యాకేజీ దగ్గర బరువనిపించిన తాగని భార్యే, తాగని మామగారే సీసాల దగ్గర కోటా అవుతారు. నలుగురు పెద్దవాళ్లుంటే నాలుగు సీసాలు, సీసాకి ఐదు గ్లాసుల లెక్కన ఇరవై గ్లాసులు. ఒక్కరు తాగితే వారానికి సరిపోగా మిగులుతుంది. అత్తగారి హ్యాండ్‌బ్యాగులో మెర్లో వైన్ సీసా పెట్టమని అడిగే ధైర్యం ఉందా లేదా అన్నది మీరూ మీరూ తేల్చుకోవాల్సిన సంగతి. 20 ఏళ్ల కాలేజీ అబ్బాయి మాత్రం ఈ కోటాలోకి రాడు.

ఇద్దరే వెళ్లినా లెక్క తేడాగా ఏమీ లేదు. పదిహేను డాలర్ల సీసాలు రెండు, అంటే 30. అవి అయిపోయాక విడిగా ఇంకో పది గ్లాసులు కొన్నా 165. మొత్తం రెండు వందల లోపే. 1,320 పక్కన పెట్టి చూడండి.

సీసా పట్టుకెళ్లాలని తేల్చుకున్నాక అసలు చూడాల్సింది దాన్ని ఎక్కడ తెరుస్తారన్నది. కార్నివాల్‌లో క్యాబిన్‌లోనో బాల్కనీలోనో తాగితే పైసా కట్టక్కర్లేదు. డైనింగ్ రూముకి తీసుకెళ్లి తెరిపిస్తే సీసాకి 15 డాలర్ల కార్కేజ్, అంటే బయటి సీసా మీద వసూలు చేసే ఫీజు. దాంతో పదిహేను డాలర్ల వైన్ ముప్పై అవుతుంది. అప్పుడు కూడా షిప్పులో కొనే సీసా కన్నా చవకే, కాకపోతే సంబరపడేంత తేడా ఉండదు. చాలామంది చేసేది ఒకటే: క్యాబిన్‌లో గ్లాసు నింపుకుని, ఆ గ్లాసుతోనే నడిచి డిన్నర్‌కి వెళ్లడం. షిప్పులో అందరి చేతుల్లోనూ ఏదో ఒక గ్లాసు ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం సాయంత్రం షిప్పు రేవు వదిలేటప్పుడు బాల్కనీలో తాగే మొదటి గ్లాసే ముఖ్యం. డిన్నర్ దగ్గర ఎలాగూ సాంబారు అన్నం వచ్చిందా లేదా అన్న చర్చే నడుస్తుంది.

నార్వేజియన్ అనే ఇంకో కంపెనీలో ఈ సూత్రం తిరగబడుతుంది. ఎన్ని సీసాలైనా తెచ్చుకోమంటారు. కానీ షిప్పు ఎక్కేటప్పుడే ఒక్కో మామూలు సీసాకి 15 డాలర్లు, లీటరున్నర సీసాకి 30 కట్టించుకుంటారు. క్యాబిన్‌లో తాగినా సరే, మినహాయింపు లేదు. సీసా ధర ఎంతైనా కార్కేజ్ మారదు కాబట్టి అక్కడికి చవక వైన్ మోసుకెళ్లడం తెలివైన పని కాదు. పది డాలర్లది పాతికవుతుంది. అదే అరవై డాలర్ల మంచి కాబెర్నే (రెడ్ వైన్) తీసుకెళితే డెబ్బై ఐదవుతుంది. ఆ స్థాయి వైన్ షిప్పు మెనూలో ఆ ధరకి దొరకదు. పెళ్లిరోజు క్రూజ్ అయితే అలాంటిది ఒకటి తీసుకెళ్లండి. అదీగాక నార్వేజియన్‌లో డ్రింక్ ప్యాకేజీని తరచూ టికెట్‌తో కలిపే అమ్ముతారు, గ్రాట్యుటీ ఒక్కటే విడిగా కట్టాలి. అలా వచ్చినప్పుడు నా మొగ్గు ప్యాకేజీ వైపే.

మరి కార్నివాల్, రాయల్ ప్యాకేజీలు ఎవరికీ పనికిరావా అంటే, వస్తాయి. ఇద్దరూ తాగేవాళ్లు, రోజంతా పూల్ పక్కనే ఉండేవాళ్లు, రేవులు తక్కువగా ఉండి సముద్రం మీదే ఎక్కువ రోజులు గడిపే రూటు తీసుకున్నవాళ్లు, ప్రతిసారీ బిల్లు చూస్తే టెన్షన్ పడేవాళ్లు కొనుక్కోవచ్చు. కార్నివాల్ ప్యాకేజీకి కూడా 24 గంటల్లో 15 ఆల్కహాల్ డ్రింకుల పరిమితి ఉందని మరిచిపోకండి.

ఇంకో మాట. మనవాళ్లలో వైన్ కన్నా విస్కీ, బీరు అడిగేవాళ్లే ఎక్కువ. కార్నివాల్, రాయల్‌లో వెంట తెచ్చుకునే సౌకర్యం వైన్‌కీ షాంపేన్‌కీ మాత్రమే. విస్కీ సీసా బ్యాగులో పెడితే స్కానర్‌లో దొరుకుతుంది, పోతుంది. మౌత్‌వాష్ డబ్బాలో వోడ్కా, ప్లాస్టిక్ సంచుల్లో రమ్ము లాంటి తెలివితేటలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. సెక్యూరిటీ వాళ్లకీ ఇంటర్నెట్ ఉంది. విస్కీ మనిషైతే ఎన్ని తాగుతారో నిజాయితీగా లెక్కపెట్టుకుని గ్లాసు లెక్కన కొనుక్కోవడమే మేలు.

మిగతా కంపెనీల సంగతి త్వరగా చెప్పేస్తాను. డిస్నీలో ఒక్కో పెద్దవాళ్లకి రెండు వైన్ సీసాలో ఆరు బీర్లో అనుమతి, అదీ ఎక్కిన రోజే కాదు, ప్రతి రేవులోనూ. పిల్లల కోసం ఎలాగూ డిస్నీకే వెళ్తున్నవాళ్లకి ఇంతకన్నా ఉదారమైన రూలు దొరకదు. ఎంఎస్‌సీలో బయటి మందు కుదరదు. ఇండియాలో 2022లో విశాఖ నుంచి కూడా నడిచిన కార్డీలియాలోనూ అంతే, ఏం తాగినా వాళ్ల దగ్గర కొనాల్సిందే. షిప్పులోనే సీసా కొనడం అనే మధ్యేమార్గం ఒకటుంది. మిగిలింది మీ క్యాబిన్ నంబరు రాసి దాచి మర్నాడు మళ్లీ టేబుల్ మీద పెడతారు. సౌకర్యమే కానీ ధర ఎక్కువ.

సీసాలు తీసుకెళ్లేవాళ్లు గమనించాల్సినవి ఇవి. సీసా సీలు తీయకూడదు. కార్నివాల్‌లో బాక్స్ వైన్ ఒప్పుకోరు. పోర్టర్‌కి ఇచ్చే పెద్ద సూట్‌కేసులో కాదు, చేతిలో ఉండే బ్యాగులోనే పెట్టుకోవాలి. విమానంలో మయామీకో సింగపూర్‌కో వెళ్లి ఎక్కేవాళ్లకి మాత్రం ముందు విమానం దగ్గరే చిక్కు. చేతి బ్యాగులో 100 మిల్లీలీటర్లు దాటి ద్రవాలు తీసుకెళ్లనివ్వరు కాబట్టి చెక్-ఇన్ లగేజీలో వేసి, రేవు దగ్గర చేతి బ్యాగులోకి మార్చుకోవాలి. లేదంటే దిగిన ఊళ్లోనే కొనుక్కోవచ్చు. డాలస్ నుంచి కారులో వెళ్లేవాళ్లకి ఈ బాధ లేదు. టెక్సాస్‌లో ఆదివారం లిక్కర్ షాపులు మూసేస్తారు, సూపర్‌మార్కెట్లలో ఉదయం పది దాటాకే వైన్ అమ్ముతారు. ఆదివారం షిప్పయితే శనివారమే కొనేయండి.

ఏ వైన్ అంటే, స్క్రూ క్యాప్ ఉన్నది. కార్క్‌స్క్రూ వెతుక్కునే పని ఉండదు. క్యాబిన్ ఫ్రిజ్ సరిగా చల్లబరచదు, క్యాబిన్ చూసుకునే స్టీవార్డ్‌ని ఐస్ బకెట్ అడగండి. డైనింగ్ రూములో ముందుగా చెప్పి ఇండియన్ వెజ్ భోజనం తెప్పించుకునేవాళ్లయితే కొంచెం తీపి ఉన్న రీస్లింగ్ (వైట్ వైన్) బాగా కుదురుతుంది. కారం మీద గాఢమైన రెడ్ వైన్ పడితే నోరు ఇంకా మండుతుంది, వగరు కూడా పెరుగుతుంది.

మెక్సికో రేవు కోజుమెల్‌లో దిగి కొన్న సీసాలు చివరి రోజు దాకా మీ చేతికి రావు, వాటిని ప్లానులో లెక్కేసుకోకండి. వాటితో గాల్వెస్టన్‌లో దిగేటప్పుడు టెర్మినల్‌లో రాష్ట్ర ఆల్కహాల్ కమిషన్ కౌంటర్ ఎదురవుతుంది. కస్టమ్స్ వాళ్లు డ్యూటీ లేదని వదిలేసిన సీసాకి కూడా టెక్సాస్ పన్ను, దానిపైన సీసాకి 3 డాలర్ల ఫీజు కట్టాలి. చవకగా వచ్చిందని నాలుగు టెకీలాలు కొనేముందు అది కూడా కలుపుకోండి.