‘వేట కత్తి’ పేరుతో అమ్ముతున్న మడత చాకుతో జాగ్రత్త

విశాఖపట్నంలో మడత చాకు కొనదలచినవారికి, ముఖ్యంగా పండుగలకు ఇంటి దగ్గరే పొట్టేలును కోసి తోలు తీసుకునే అలవాటున్న కుటుంబాలవారికి, నా చూపుడువేలికి పడిన మూడు కుట్లు చూసుకుంటూ ఈ హెచ్చరిక రాస్తున్నాను.

సంక్రాంతికి పది రోజుల ముందు పాతనగరంలోని ఒక దుకాణంలో 1,850 రూపాయలు పెట్టి ‘సంప్రదాయ డమాస్కస్ వేట కత్తి’ అన్న మడత చాకు కొన్నాను. డమాస్కస్ అంటే ఒంటి మీద అలల గీతలుండే ఉక్కు. నాలుగు అంగుళాల బ్లేడు, దాని మీద నీటి అలల్లాంటి గీతలు, జింక కొమ్ముతో చేసినదని చెప్పిన పిడి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లిందని, ఇది ఆ వారసత్వమేనని అమ్మకందారు వివరించారు. ఆ చరిత్ర నిజమే కానీ, ఈ చాకుకు దానితో ఏ చుట్టరికమూ లేదు. ఇక వేట సంగతంటారా, అడవి జంతువులను వేటాడడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. మన కోస్తాలో వేట అన్నా, యాట అన్నా కోసుకునే మేకపోతో పొట్టేలో కనుక ఆ పేరు నాకు తప్పుగా తోచలేదు.

కనుమ నాడు చోడవరం దగ్గరి మా ఊళ్లో యాటను కోసి, చింతకొమ్మకు తలకిందులుగా వేలాడదీశాక, తోలు నేను తీస్తానని ముందుకు వచ్చాను. వెనకకాలి గిట్ట పైన చుట్టూ గాటు పెట్టి, తొడ లోపలి వైపుగా చీరుతున్నంతసేపు చాకు బాగానే తెగింది. ఒక కాలు పూర్తయ్యేసరికే మొద్దుబారింది. రెండో తొడ దగ్గర తోలుకూ మాంసానికీ మధ్యనుండే తెల్లని పొరలోకి మొనను దూర్చి, బ్లేడు మందపు అంచుతో తోలును పైకి ఎత్తబోయాను. బ్లేడు ఒక్కసారిగా పిడిలోకి మడతపడి నా వేలి మీద మూసుకుంది. కొవ్వు జిడ్డుతో చేతులు జారిపోతుంటే దాన్ని మళ్లీ తెరవడానికే కొంతసేపు పట్టింది. మా చిన్నాన్న తన పాత పిడికత్తి అందుకుని, “గాటు పెట్టేవరకేరా కత్తి, తోలు దిగేది పిడికిలికే” అంటూ, చేతిని తోలు కిందకు పోనిచ్చి మిగతాదంతా చొక్కా విప్పినట్టు ఒలిచేశారు. నేను ఒలిచిన వైపు మాత్రం రెండు చిల్లులు పడ్డాయి. సూదిలాంటి మొన చూడడానికి అందంగా ఉంటుంది కానీ, తోలునూ పేగునూ పొడిచేది అదే. ఈ పనికి బ్లేడు ముందు భాగం బొజ్జలా గుండ్రంగా వంగి, మొన కాస్త కిందికి దిగి ఉండాలి.

నేను చేసిన అసలు పొరపాటు తాళం, అంటే తెరిచిన బ్లేడు మడతపడకుండా బిగించి ఉంచే ఏర్పాటు, ఉందో లేదో చూడకపోవడం. పాత పద్ధతి మడత చాకుల్లో చాలావాటిలో పిడి వెనుక ఉన్న స్ప్రింగు పట్టీ బ్లేడును నొక్కి ఉంచుతుందే గాని బిగించదు. పండు కోసినా, తాడు తెంపినా బలం పదునంచు మీద పడుతుంది కనుక ప్రమాదం లేదు. తోలు ఒలిచేటప్పుడు నాలాగా మొనతో పొడిచినా, మందపు అంచుతో ఎత్తినా, ఆ బలమే బ్లేడును మూసేస్తుంది. తాళం పెడితే సంప్రదాయం పోతుందని దుకాణదారు తర్వాత నాతో వాదించారు. ఫ్రాన్సులో 1890లో పుట్టిన ఓపినెల్ చాకుకు 1955లోనే బిగించే ఉంగరం అమర్చారు, అమెరికా బక్ 110 మడత చాకు 1964లో తాళంతోనే వచ్చింది. వాటిని సంప్రదాయం కాదని ఎవరూ అనరు. కొనేముందు చాకు తెరిచి, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా పిడి పట్టుకుని, మందపు అంచును బల్ల మీద మెల్లగా తట్టండి. కదిలితే అక్కడే పెట్టి వచ్చేయండి.

ఉక్కు కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరైన మా బావగారు ఆ చాకును చేతిలోకి తీసుకుని ముందుగా మందపు అంచు చూశారు. ఈ రోజుల్లో డమాస్కస్ పేరుతో చేసే, పొరలు పొరలుగా వేరు వేరు ఉక్కులను కాల్చి అతికించిన బ్లేడైతే గీతలు ఆ అంచు మీదుగా అవతలి వైపుకు సాగుతాయి. దీనికి రెండు చెంపల మీదే ఉన్నాయి, అంచు నున్నగా ఉంది. ఆకురాయి పెట్టి ఒక్కసారి లాగితే పదునంచు నుంచి రజను రాలింది. సరిగా కాల్చి, చల్లార్చి గట్టిపరిచిన ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. దుకాణంలో అయస్కాంతం అంటించి ‘అసలు ఉక్కు’ అని చూపించారు గదా అన్నాను. అయస్కాంతం రేకు డబ్బాకూ అంటుకుంటుందని నవ్వారు.

పిడి సంగతి మరీ విచిత్రం. వేడి సూది గుచ్చితే కాలిన ప్లాస్టిక్కు వాసన వచ్చింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. జింక కొమ్ము కొనడం, అమ్మడం అదే 1972 చట్టం ప్రకారం నేరం కనుక, ఇక్కడ మాత్రం మోసపోవడమే నా అదృష్టం. ఎవరైనా మీకు ‘నిజమైన జింక కొమ్ము’ అని చెబితే, అది నిజమైనా అబద్ధమైనా కొనకండి.

తిరిగి తీసుకెళితే, రక్తం తగిలిన వస్తువును వెనక్కి తీసుకునేది లేదన్నారు. అది తోలు తీయడానికే అమ్మారు కదా అని అడిగితే జవాబు లేదు. నా దగ్గర ఉన్నది అంకె మాత్రమే రాసిన కాగితం ముక్క. వస్తువు పేరు గాని, దుకాణం ముద్ర గాని లేవు. మీరు కొంటే ‘డమాస్కస్’, ‘తాళం ఉంది’ అన్న మాటలు బిల్లు మీదే రాయించుకోండి. రాయడానికి వెనకాడితే కొనవద్దు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి, ఆ కాగితం ముక్కతోనే ఫిర్యాదు నమోదు చేయించాను. నిన్న అటుగా వెళితే అద్దాల పెట్టెలో అవే చాకులు ఇంకో ఆరు కనిపించాయి.